గెలిచిన లెక్క వేరు, మిగిలిన లెక్క వేరు

1942 జనవరి 9, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ జో లూయిస్ ఆ రాత్రి బడ్డీ బేర్ అనే ఆరున్నర అడుగుల మనిషిని మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. తన వాటాకు వచ్చిన దాదాపు 47 వేల డాలర్లలో ఒక్క పైసా ఇంటికి తీసుకుపోలేదు. మొత్తం నేవీ సిపాయిల కుటుంబాలను ఆదుకునే నిధికి ఇచ్చేశాడు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అప్పటికి నెల దాటింది అంతే. మార్చి 27న ఏబ్ సైమన్‌తో ఆడాడు. ఆ పైసలు, సుమారు 36 వేల డాలర్లు, ఆర్మీ సహాయనిధికి పోయాయి. ఈ రెండు ఆటల మధ్యలో తాను కూడా మామూలు సిపాయిగా ఆర్మీలో చేరిపోయాడు.

కొన్నేళ్ల తర్వాత అదే దేశపు ఆదాయపు పన్ను శాఖ ఆయన లెక్కలు తిరగేసింది. దానం చేసిన ఆ పైసలు కూడా ఆయన ఆదాయంలోనే లెక్కకు వచ్చాయి. 1950 నాటికి బాకీ ఐదు లక్షల డాలర్లు దాటింది.

జో లూయిస్ గురించి ఎవరు చెప్పినా ఈ కథే చెప్తారు. విన్నవాళ్లకు ప్రభుత్వం మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ ఒక్క నిమిషం ఆగి కూడిక వేసి చూడండి. 47 వేలు, 36 వేలు కలిపితే 83 వేలు. ఆ మొత్తానికి మొత్తం పన్ను కింద రాసినా ఐదు లక్షలు కాదు. మరి మిగతా బాకీ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని పోతే మనకు కనబడేది చాంపియన్ కాదు, ఇంట్లో మొట్టమొదటిసారి పెద్ద జీతం తెచ్చిన ఒక పిల్లగాడు. అందుకే ఈ సంచికకు ఆయన గురించి రాయాలనిపించింది. మనలో చాలామంది రేపో మాపో ఆ స్థానంలో ఉండేవాళ్లమే గదా.

పత్తి చేను నుంచి ఫోర్డ్ ఫ్యాక్టరీకి

ఆయన పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. 1914 మే 13న అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలో, లాఫయెట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. తాత, ముత్తాతలు బానిసలు. తల్లిదండ్రుల కాలానికి బానిసత్వం పోయింది గానీ భూమి మాత్రం రాలేదు. ఎవరి భూమిలోనో పత్తి పండించి వాళ్లకు వాటా ఇవ్వాలి. మన ఊళ్లల్ల పాలుకు చేసుడు అంటరు గదా, దాదాపు అదే. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు కూడా చేనులోనే ఉండాలి. ఆ పని ఎట్లుంటదో సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినోళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

జోకు రెండేళ్లు నిండేసరికి తండ్రి మన్రో బారోను మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. కొన్నేళ్లకు చనిపోయాడన్న కబురు వస్తే ఇంట్లోవాళ్లు నమ్మారు. తల్లి లిల్లీ, ప్యాట్ బ్రూక్స్ అనే ఆయన్ని పెళ్లి చేసుకుంది. అసలు విషయం ఏమిటంటే తండ్రి చనిపోలేదు. కొడుకు ప్రపంచ చాంపియన్ అయిన రోజున కూడా ఆయన ఆ ఆసుపత్రిలోనే బతికి ఉన్నాడు. 1938లో పోయాడు.

1926లో కుటుంబం మొత్తం ఉత్తరాన ఉన్న డెట్రాయిట్‌కు వలస పోయింది. మన తాతల కాలంలో బొంబాయికి, తర్వాత దుబాయికి పోయినట్టు, అప్పట్లో దక్షిణాది నల్లవాళ్లు డెట్రాయిట్, షికాగోలకు పోయేవాళ్లు. జోకు పన్నెండేళ్లు. మాట కొద్దిగా తడబడేది. బడిలో తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టారు. తర్వాత వడ్రంగం నేర్పే వృత్తి విద్యా పాఠశాలలో వేశారు.

తల్లికి మాత్రం కొడుకు వయొలిన్ నేర్చుకోవాలని ఆశ. వారం వారం చేతిలో యాభై సెంట్లు పెట్టి పంపేది. పిల్లగాడు ఆ పైసలతో బ్రూస్టర్ వ్యాయామశాలలో లాకర్ అద్దెకు తీసుకున్నాడు. పేరులోంచి బారో ఎప్పుడు పోయిందో దాని మీద రెండు మూడు కథలున్నాయి. అమ్మకు తెలియకూడదని తీసేశాడని కొందరు, ఫారంలో జాగా చాలలేదని కొందరు చెప్తారు. ఏదైతేనేం, రింగ్‌లోకి వచ్చింది జో లూయిస్.

1932లో మొదటి అమెచ్యూర్ పోటీ. ఎదురుగా జానీ మైలర్. జో ఏడుసార్లు కిందపడ్డాడు. ఆ దెబ్బకు కొన్నాళ్లు బాక్సింగ్ మానేసి ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనికి పోయాడు. మళ్లీ వచ్చాడు. 1934లో జాతీయ అమెచ్యూర్ లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ ఏడాది జూలై 4న షికాగోలో మొదటి ప్రొఫెషనల్ ఫైట్ ఆడితే చేతికి వచ్చింది 59 డాలర్లు.

నవ్వకూడని చాంపియన్

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. 1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి బాక్సర్ ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. గెలిస్తే పళ్లన్నీ కనబడేటట్టు నవ్వేవాడు. ఖరీదైన కార్లు నడిపేవాడు. తెల్ల స్త్రీలను పెళ్లి చేసుకున్నాడు. అప్పటి అమెరికా దాన్ని భరించలేకపోయింది. 1915లో ఆయన ఓడిపోయాక ఇరవై రెండేళ్ల పాటు మళ్లీ ఒక నల్లవాడికి ఆ టైటిల్ దక్కలేదు.

జో మేనేజర్లు జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్. కోచ్ జాక్ బ్లాక్‌బర్న్. ముగ్గురూ నల్లవాళ్లే. జాన్సన్ కథ వాళ్లకు బాగా గుర్తుంది. అందుకే కుర్రాడికి కొన్ని షరతులు పెట్టారు. తెల్ల అమ్మాయి పక్కన నిలబడి ఫొటో దిగకూడదు. పడిపోయిన ప్రత్యర్థిని చూసి నవ్వకూడదు. ముందే మాట్లాడుకున్న దొంగ ఆట ఆడకూడదు. శుభ్రంగా బతకాలి, శుభ్రంగా కొట్టాలి.

అంటే ఇరవై ఏళ్ల పిల్లగానికి చేతులతో పాటు మొహానికి కూడా ట్రైనింగ్ ఇచ్చారన్నమాట. గెలిచినా ఓడినా ఒకే మొహం. పత్రికలవాళ్లు దాన్ని చూసి రాతిబొమ్మ అనుకున్నారు. తన గురించి బయటివాళ్లు ఏం చూడాలో వేరేవాళ్లు నిర్ణయించడం అక్కడ మొదలైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

1935లో ఇటలీ భీమకాయుడు ప్రీమో కార్నెరాను, తర్వాత మాజీ చాంపియన్ మాక్స్ బేర్‌ను పడగొట్టాడు. బేర్‌తో ఆడిన రోజే మార్వా ట్రాటర్‌ను పెళ్లి చేసుకున్నాడు. జో ఆడే రాత్రి నల్లవాళ్ల పేటల్లో రేడియో ఉన్న ప్రతి దుకాణం ముందు జనం గుమిగూడేవాళ్లు. ఒక పల్లెటూరి కిరాణా కొట్లో అట్లాంటి రాత్రి ఎట్లా గడిచిందో మాయా ఏంజెలో తన ఆత్మకథలో రాసింది. చదవనోళ్లు తప్పక చదవండి.

1936 జూన్ 19న మొదటి దెబ్బ తగిలింది. జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్, జో పాత ఫైట్ల ఫిల్ములు శ్రద్ధగా చూసి ఒక లోపం పట్టుకున్నాడు. ఎడమ చేత్తో జాబ్ కొట్టిన తర్వాత జో ఆ చెయ్యి కిందికి దించుతున్నాడు. ఆ సందులోంచి ష్మెలింగ్ కుడిచేతి దెబ్బలు దూరాయి. పన్నెండో రౌండ్‌లో జో పడిపోయాడు. హిట్లర్ మనుషులు దాన్ని తమ జాతి గొప్పదనంగా ప్రచారం చేసుకున్నారు.

ఏడాది తిరిగేసరికి, 1937 జూన్ 22న షికాగోలో, జిమ్ బ్రాడాక్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఓడించి జో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వయసు 23. సరిగ్గా ఇంకో ఏడాదికి, 1938 జూన్ 22న, యాంకీ స్టేడియంలో మళ్లీ ష్మెలింగ్. స్టేడియంలో దాదాపు 70 వేల మంది, రేడియోల దగ్గర కోట్లమంది. ఆట 124 సెకన్లలో అయిపోయింది. ఆ రోజు మొదటిసారి తెల్ల అమెరికన్లు కూడా ఒక నల్లవాడిని మావాడు అనుకున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ష్మెలింగ్ నాజీ పార్టీలో చేరలేదు. ఆయన మేనేజర్ యూదుడు. ఆ నవంబర్‌లో జర్మనీలో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగిన రాత్రుల్లో ఇద్దరు యూదు పిల్లలను తన గదిలో దాచి కాపాడాడు. ఆయన కూడా వేరేవాళ్లు రాసిన పాత్రలో ఇరుక్కున్న మనిషే.

యూనిఫాం వేసుకున్నాక

ఆర్మీలో జో నాలుగేళ్ల దాకా ఉన్నాడు. దాదాపు వంద ప్రదర్శన పోటీలు ఆడాడు, లక్షలమంది సిపాయిలు చూశారు. పోస్టర్ల మీద బొమ్మగా నిలబడ్డాడు. కానీ ఆ ఆర్మీలో నల్లవాళ్లు వేరే, తెల్లవాళ్లు వేరే. తన మొదటి దానం అందుకున్న నేవీలోనైతే అప్పటికి నల్లవాళ్లకు ఓడల్లో వంట, వడ్డన పనులు తప్ప దాదాపు ఏమీ ఇచ్చేవాళ్లు కాదు.

జో ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. చేసేది మాత్రం చేశాడు. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో చదువుకున్న నల్ల సిపాయిలను ఆఫీసర్ ట్రైనింగ్‌కు తీసుకోకపోతే, తనకు తెలిసిన పెద్దలకు చెప్పి కదిలించాడు. అట్లా ఆఫీసర్ అయినవాళ్లలో ఒకరు జాకీ రాబిన్సన్. 1947లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణరేఖను దాటింది ఆయనే. తాను పుట్టిన అలబామాలోనే ఒక క్యాంపు బస్టాండులో, తెల్లవాళ్ల వైపు నుంచి లేవమంటే జో లేవలేదు. పక్కన ఇంకో గొప్ప బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ ఉన్నాడు. మిలిటరీ పోలీసులు ఇద్దరినీ పట్టుకుపోయారు.

1945 అక్టోబర్‌లో సార్జెంట్ హోదాలో, మెడల్‌తో బయటికొచ్చాడు. అప్పటికే అప్పుల్లో ఉన్నాడు.

అసలు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మొత్తం కెరీర్‌లో జో ఫైట్ల మీద వచ్చిన పైకం 46 లక్షల డాలర్లకు పైనే అని ఒక అంచనా. అందులో ఆయన చేతికి వచ్చింది సుమారు 8 లక్షలు. మిగతాది ఏమైంది?

మొదటి కోత మేనేజర్లది. ఇద్దరికీ కలిపి సగం దాకా పోయేది. ఖర్చులు మిగతా సగంలోంచి. ప్రమోటర్ మైక్ జేకబ్స్ అడిగినప్పుడల్లా అడ్వాన్సులు ఇచ్చేవాడు. ఎంత కావాలంటే అంత, కాగితం మీద రాసుకుని ఇచ్చేవాడు. యుద్ధకాలంలో జోకు సిపాయి జీతం తప్ప ఆదాయం లేదు, ఇంటి ఖర్చులు మాత్రం చాంపియన్ ఖర్చులే. అప్పు అట్లా పేరుకుపోయింది.

రెండోది ఆయన చెయ్యి. తల్లికి ఇల్లు కొన్నాడు. అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, వాళ్ల పిల్లలకు అడిగింది ఇచ్చాడు. తమ కుటుంబం కష్టకాలంలో డెట్రాయిట్ నగరం నుంచి తీసుకున్న సహాయపు డబ్బును లెక్కగట్టి తిరిగి కట్టేశాడు. ఇట్లా ఎవరు చేస్తారు చెప్పండి? దోస్తులకు పని కల్పించడానికి సాఫ్ట్‌బాల్ జట్టు పెట్టి నడిపాడు. గుర్రాల ఫారం, రెస్టారెంటు, తన పేరుతో కూల్‌డ్రింక్, ఒక్కొక్కటే మొదలుపెట్టాడు. ఏదీ నిలబడలేదు. దానికి తోడు పదుల కొద్దీ సూట్లు, గోల్ఫ్ పందేలు. గోల్ఫ్ మైదానంలో పోగొట్టుకున్నది కూడా తక్కువేం కాదు.

మూడోది పన్ను. జీతగాళ్లకైతే అమెరికాలో 1943 నుంచి జీతంలోనే పన్ను పట్టుకోవడం మొదలైంది. మన టీడీఎస్ లాంటిది. బాక్సర్‌కు జీతం లేదు, గెలిచిన రాత్రి మూట ఒక్కసారే వస్తుంది. పన్ను తర్వాత కట్టాలి. ఆ తర్వాత వచ్చేసరికి మూట ఉండదు. యుద్ధం వల్ల పై శ్లాబులో పన్ను నూటికి 90 దాటింది, యుద్ధం అయిపోయాక కూడా 80కి పైనే ఉంది.

1946 జూన్ 19న బిల్లీ కాన్‌తో రెండో ఫైట్ జరిగింది. జో ఎనిమిదో రౌండ్‌లో గెలిచాడు, వాటాకు ఆరు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆయన జీవితంలో అంత పెద్ద మొత్తం ఎప్పుడూ రాలేదు. కానీ అది రాకముందే ఖర్చయిపోయింది. మేనేజర్ల వాటా, జేకబ్స్ అప్పులు, మార్వాకు విడాకుల ఒప్పందం కింద ఇవ్వాల్సింది, అన్నీ అందులోంచే పోయాయి. మిగిలింది చూసుకుని కొత్తగా వ్యాపారాలు పెట్టాడు. పన్ను శాఖ మాత్రం మొత్తం ఆరు లక్షలను చూసింది. ఐదు లక్షల బాకీలో పెద్ద ముక్క ఇక్కడిది. దానం చేసిన 83 వేల మీద పన్ను మనసుకు గుచ్చుకుంటుంది, నిజమే. కానీ ఆయన్ని ముంచింది అదొక్కటే కాదు.

అన్ని లెక్కలూ వేరేవాళ్ల దగ్గర ఉండేవి. చదవకుండా సంతకం పెట్టేవాడు. చుట్టూ అంతమంది ఉన్నా, భాయ్, ఈ పైసలు నీవి కావు, పన్ను కోసం పక్కకు పెట్టు అని గట్టిగా చెప్పినవాడు ఒక్కడూ లేడు. చెప్తే అడ్వాన్సులు ఆగుతాయి మరి.

తలుపు మూసుకున్నాక

1949 మార్చి 1న రిటైర్మెంట్ ప్రకటించాడు. అప్పటికి పదకొండేళ్ల ఎనిమిది నెలలుగా చాంపియన్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఇది ఇంకెవరికీ దక్కని రికార్డు.

మరుసటి ఏడాది పన్ను నోటీసు. 36 ఏళ్ల వయసులో మళ్లీ గ్లవ్స్ వేసుకున్నాడు. ఖర్చులు పోను వచ్చింది పన్ను శాఖకే ఇవ్వాలని ఒప్పందం. 1950 సెప్టెంబర్ 27న ఎజార్డ్ చార్ల్స్ పదిహేను రౌండ్లు కొట్టి ఓడించాడు. 1951 అక్టోబర్ 26న రాకీ మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో ఆయన్ని తాళ్ల మధ్యలోంచి రింగ్ బయటికి పడేటట్టు కొట్టాడు. మార్సియానోకు చిన్నప్పటి నుంచి జో అంటే ప్రాణం. గెలిచిన తర్వాత డ్రెస్సింగ్ రూంకు పోయి ఏడ్చాడంటారు.

ఆట అయిపోయింది, బాకీ అయిపోలేదు. దీని పనితీరు మనకు బాగా అర్థం కావాలి. బాకీ మీద ఏటా వడ్డీ పడుతుంది. వడ్డీ కట్టాలంటే సంపాదించాలి. ఎక్కువ సంపాదిస్తే ఆ సంపాదన పై శ్లాబులోకి పోయి దాని మీద మళ్లీ కొత్త పన్ను పడుతుంది. అడుగు లేని బిందెలో నీళ్లు పోసినట్టే. 1950ల చివరికి బాకీ పది లక్షల డాలర్లు దాటింది. 1953లో తల్లి లిల్లీ చనిపోతూ కొడుకు పేరు మీద వదిలిన 667 డాలర్లు కూడా పన్ను శాఖే తీసుకుంది. ఇద్దరు పిల్లల పేరు మీద వేసిన ట్రస్టు నిధి కూడా పోయింది.

1956లో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి దిగాడు. ముందే మాట్లాడుకున్న ఆట ఆడొద్దన్నది ఆయన మొదటి షరతుల్లో ఒకటి. ఇప్పుడు కడుపు కోసం, బాకీ కోసం అదే ఆడాల్సి వచ్చింది. అభిమానులు బాధపడ్డారు. ఆయన మాత్రం దీన్ని దొంగతనం కంటే మేలైన పనిగానే చూశాడు. ఒక బరువైన మల్లుడు మీద పడి ఛాతీకి గాయమయ్యాక అది కూడా ఆగింది.

1959లో మార్తా జెఫర్సన్ అనే లాయర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆయన జీవితంలో లెక్కల పుస్తకం తెరిచి కూర్చున్న మొదటి మనిషి ఆమే అనొచ్చు. 1960ల మొదట్లో పన్ను శాఖ ఒక మెట్టు దిగింది. పాత బాకీ కోసం వెంటపడకుండా, అప్పటి ఆదాయం మీద పన్ను కడితే చాలంది.

అయితే అప్పటికే ఇంకో చోట పగులు మొదలైంది. కొకైన్ అలవాటైంది. 1969లో న్యూయార్క్ వీధిలో కుప్పకూలాడు. ఎవరో తనను చంపడానికి చూస్తున్నారన్న భయం పట్టుకుంది. గదిలోకి విషవాయువు వదులుతున్నారని గాలి వచ్చే కంతలన్నీ మూసేసేవాడు. 1970లో భార్య, కొడుకు కలిసి ఆయన్ని డెన్వర్‌లోని మానసిక వైద్యశాలలో చేర్చారు. తండ్రి సంగతి తెలిసిన కుటుంబానికి ఆ సంతకం పెట్టడం ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు. తేడా ఏమిటంటే తండ్రి తిరిగి రాలేదు, జో కొన్ని నెలలకు ఇంటికొచ్చాడు.

తర్వాత లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ క్యాసినోలో ఉద్యోగం. వచ్చిన అతిథులకు చెయ్యి కలపడం, ఫొటో దిగడం, గోల్ఫ్ ఆడటం. ప్రపంచ చాంపియన్‌ను గుమ్మం దగ్గర నిలబెట్టారని బాధపడినవాళ్లు చాలామంది. ఆయన ఆ పనిని చిన్నతనంగా చూడలేదు, జనం మధ్య ఉండటం ఆయనకు ఇష్టమే. 1977లో గుండెకు పెద్ద ఆపరేషన్ జరిగింది, తర్వాత పక్షవాతం వచ్చింది. అక్కడి నుంచి చక్రాల కుర్చీ.

రెండుసార్లు రాసిన ఒకే జీవితం

ఇప్పుడు పుస్తకాల సంగతి. జో తన కథను రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ వేరేవాళ్ల సాయంతోనే. మొదటిది 1947లో, ఇంకా చాంపియన్‌గా ఉండగా వచ్చింది. అది రాక్స్‌బరో షరతులకు లోబడిన పుస్తకం. తల్లి మాట వినే కొడుకు, దేశం కోసం నిలబడిన సిపాయి, గెలిచినా నవ్వని వీరుడు కనబడతాడు. అందులో అబద్ధాలు పెద్దగా లేవు, ఖాళీలు మాత్రం బోలెడు.

రెండోది 1978లో వచ్చింది. ఎడ్నా రస్ట్, ఆర్ట్ రస్ట్ జూనియర్ సాయం చేశారు. అప్పటికి దాచడానికి ఏమీ మిగల్లేదు. తెర వెనుక సినిమా తారలతో సంబంధాలు, మార్వాను రెండుసార్లు పెళ్లి చేసుకుని రెండుసార్లు పోగొట్టుకున్న తీరు, చేతిలోంచి జారిపోయిన పైసలు, మత్తు, భయాలు, ఆసుపత్రి అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పుస్తకంలో మొహం కనబడుతుంది, రెండో దాంట్లో మనిషి కనబడతాడు.

తర్వాత బయటివాళ్లు రాసిన జీవితచరిత్రలు చాలా వచ్చాయి. 1985లో క్రిస్ మీడ్ రాసిన పుస్తకం పాత పత్రికలన్నీ తిరగేసి, తెల్ల విలేకరులు ఈ నల్ల వీరుడిని ఎట్లా మలిచారో చూపించింది. 1988లో కొడుకు జో లూయిస్ బారో జూనియర్ ఇంకొకరితో కలిసి తండ్రి గురించి రాశాడు. 2010లో చరిత్రకారుడు రాండీ రాబర్ట్స్ పుస్తకం వచ్చింది. ఆత్మకథలో జ్ఞాపకం ఉంటుంది, జీవితచరిత్రలో రసీదు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే 83 వేలకూ ఐదు లక్షలకూ మధ్య ఉన్న తేడా కనబడుతుంది.

మన దగ్గర కోడి రామ్మూర్తి నాయుడు గుర్తొస్తాడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు, కలియుగ భీముడని పేరు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, గొలుసులు తెంచాడని మన పెద్దలు చెప్తారు. కాలు పోగొట్టుకుని, ఆస్తి కరిగిపోయి, ఒడిశాలోని బలంగీర్‌లో 1942లో కన్నుమూసిన మనిషి గురించి మాత్రం అంతగా చెప్పరు. మన వీరులకు మనం మొదటి పుస్తకమే రాస్తాం, రెండోది రాయం.

చివరి రౌండ్

1981 ఏప్రిల్ 11న సీజర్స్ ప్యాలెస్‌లో లారీ హోమ్స్, ట్రెవర్ బెర్బిక్‌ల మధ్య టైటిల్ ఫైట్ జరిగింది. జో చక్రాల కుర్చీలో వచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరునాడు పొద్దున గుండె ఆగిపోయింది. 66 ఏళ్లు.

సైనికుల కోసం ఉన్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఆయనకు నియమాల ప్రకారం జాగా రాదు. అధ్యక్షుడు రీగన్ ఆ నియమాన్ని సడలించాడు. జీవితమంతా బాకీ అడిగిన ప్రభుత్వమే చివరికి ఆరడుగులు ఇచ్చింది. అంత్యక్రియల ఖర్చులో సాయం చేసినవాళ్లలో మాక్స్ ష్మెలింగ్ ఒకడు. యుద్ధం తర్వాత ఆయన జర్మనీలో కోకాకోలా వ్యాపారంతో బాగా స్థిరపడ్డాడు. ఒకప్పటి శత్రువులు ఇద్దరూ చివరిదాకా దోస్తులుగానే ఉన్నారు.

మిత్రులారా, వచ్చే ఏడాది మనలో కొందరి చేతికి మొదటి జీతం వస్తుంది. అది రాకముందే ఇంట్లో లెక్కలు తయారై ఉంటాయి. తమ్ముని ఫీజు, అక్క పెళ్లి అప్పు, నాయిన వేయించిన బోరు మీద మిత్తి. ఇవ్వొద్దని చెప్పడానికి ఇది రాయలేదు. జో ఇచ్చినందుకు చెడిపోలేదు. తల్లికి ఇల్లు కొన్నందుకు, నగరానికి సహాయపు డబ్బు తిరిగి కట్టినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఎంత వచ్చింది, అందులో ఎంత తనది, ఎంత తనది కాదు అన్న మూడు అంకెలు ఆయన స్వయంగా ఎప్పుడూ చూసుకోలేదు. అదొక్కటే ఆయన్ని దెబ్బతీసింది.

ష్మెలింగ్ మొదటిసారి ఆయన్ని కొట్టింది దించిన ఎడమచెయ్యి సందులోంచి. రెండేళ్లలో జో ఆ లోపం సరిచేసుకున్నాడు, ఎందుకంటే ఆ లోపాన్ని కోచ్ చూపించాడు. ఈ రెండో లోపాన్ని చూపించేవాళ్లు లేకపోయారు. ఆయన పుస్తకం మనకు దాన్నే చూపిస్తుంది.